ఐదో నట్టు

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో పెద్ద కష్టమేమీ లేదు. ఫలహారం కాగానే అత్తగారిని కారెక్కించుకుని క్లినిక్కుకి వెళ్ళడం, ఆవిడ పుచ్చు దవడపన్ను తీసేయడం, భోజనాల వేళకి ఇల్లు చేరి ఓ కునుకు తీయడం. సెలవు రోజు కాబట్టి క్లినిక్కులో వేరే పేషెంట్లు ఉండరు. ఆవిడకి నలుగురి మధ్యా కూర్చోవాల్సిన మొహమాటమూ ఉండదు.

అతనికి ఆ పన్ను మామూలు పన్ను కాదు. పెళ్ళయిన నాటినుంచీ అత్తగారు ఈ అల్లుడి చేత వైద్యం చేయించుకున్నది లేదు. "మా చిన్నల్లుడి చెయ్యి చాలా మంచిది" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. చెప్పి, వాళ్ళందరినీ అతని దగ్గరికి పంపేది. తన పన్ను నొప్పి పెడితే మాత్రం చడీచప్పుడు లేకుండా పెద్దల్లుడు చెప్పిన పెద్ద ఆసుపత్రికి వెళ్ళిపోయేది. పెద్దల్లుడు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఏ పనికి ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో, వెళ్ళేటప్పుడు ఏ చెప్పులు వేసుకోవాలో కూడా ఆయనకి తెలుసు. పళ్ళ డాక్టరు ఇదంతా పైకి నవ్వుతూనే సహించాడు గాని, సొంత అత్తగారు పన్ను చూపించని పళ్ళ డాక్టరన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. లెక్కల టీచరైన అతని భార్య తల్లి వెంటపడి, అలిగి, బతిమాలి, చివరికి ఈ ఆదివారానికి ఒప్పించింది. ఒక బుగ్గ ఉబ్బిపోయి, నమలడం మానేసిన స్థితిలో ఆవిడ ఒప్పుకుంది.

పోర్టికోలోకి వచ్చి చూస్తే కారు ముందు చక్రం నేలకి అంటుకుపోయి ఉంది.

టాక్సీ పిలుద్దామని భార్య అంది. అది మంచి సలహా. కానీ గుమ్మం దగ్గర అత్తగారు నిలబడి చక్రాన్నీ, అల్లుణ్ణీ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు ముందు టాక్సీ అనే మాటకి తలూపడం అతని వల్ల కాలేదు.

"చక్రం మార్చడం ఎంతసేపండీ. మీరు లోపల కూర్చోండి. రోజూ పీకే పనే కదా నాది" అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అత్తగారు బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతను ముందుగా జాకీ పెట్టి కారుని పైకి లేపాడు. తర్వాత నట్టుకి స్పానరు తగిలించి తిప్పితే నట్టుతో పాటు చక్రమూ తిరిగింది. కాసేపు అలా తిప్పి, విషయం బోధపడ్డాక, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, కారుని మళ్ళీ కిందికి దించాడు. ఆ తర్వాత పని సాఫీగానే సాగింది. నాలుగు నట్లు మంచి పేషెంట్లలా మర్యాదగా వదులయ్యాయి. ఐదోది కాలేదు.

రెండు చేతులతో లాగాడు. కాలితో తొక్కాడు. స్పానరు మీదికెక్కి గోడ పట్టుకుని నిలబడి చిన్నగా ఊగాడు. నట్టు ఊగలేదు. స్పానరు జారి అతను పూలకుండీల వరస మీద పడ్డాడు. కుండీ ఒకటి రెండు ముక్కలైంది. ఆ ముక్కల్ని పక్కకి నెట్టి, క్లినిక్కు సంచీలోంచి నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం తీసి, టార్చిలైటు వేసి, నట్టు వెనక భాగాన్ని పరీక్షించాడు. చుట్టూ తుప్పు. వృత్తిపరంగా చెప్పాలంటే దవడ ఎముకా పన్నూ ఏకమైపోయిన కేసు.

అప్పుడు ఎముకల డాక్టరుకి ఫోను చేశాడు. ఎముకల డాక్టరు అతని చదువుకునే రోజుల నాటి స్నేహితుడు. వారమంతా మనుషుల్ని బిగించి ఆదివారాలు పాత కార్లని విప్పుకునే మనిషి. పళ్ళ డాక్టరు తన చేతులకి మసి ఉండటంతో ఫోనుని బానెట్ మీద పెట్టి స్పీకరు వేశాడు. ఆ బానెట్ కి ఎదురుగానే అత్తగారు పడుకున్న గది కిటికీ. కుండీ పగిలిన చప్పుడుకి ఆవిడ లేచి, పరదా పక్కన నిలబడింది. ఆవిడ చెవిన పడింది ఇది.

"మొదలంటా పట్టేసిందిరా డాక్టరూ. ఎంత లాగినా కదలదు."

"బాగా పాతదా?"

"చాలా పాతది. ఇన్నేళ్ళలో ఎవరూ సరిగ్గా చూసుకోలేదు."

"నూనె పోసి నాననివ్వు. తర్వాత సుత్తితో పక్కనుంచి గట్టిగా నాలుగు తగిలించు."

"విరుగుతుందేమో."

"విరిగితే విరగనీ. మొద్దు మిగిలిపోతే డ్రిల్లు పెట్టి తోడేద్దాం. సుత్తికి లొంగకపోతే మంటతో బాగా కాల్చు. దానికీ లొంగకపోతే ఉలి పెట్టి నిలువునా చీల్చేయడమే."

"అత్తగారు సిద్ధంగా ఉన్నారు. తొందరగా తేల్చేయాలి."

"ఆవిడకి ఇవన్నీ చెప్పకు. కంగారుపడి రానంటే కష్టం."

అత్తగారు పరదా వదిలేసి మంచం మీద కూర్చుంది. పెద్దల్లుడు చెప్పిన పెద్ద ఆసుపత్రిలో ఏనాడూ ఉలి మాట వినలేదు. కూతురితో చెబుదామంటే, మొగుడి మీద ఈగ వాలనివ్వని పిల్ల. ఆవిడ లేచి తలుపు గడియ పెట్టి, దుప్పటి కప్పుకుని, ఆ దుప్పటిలోంచి పెద్దల్లుడికి ఫోను చేసింది.

బుగ్గ ఉబ్బి ఉంది. గొంతు తగ్గించి మాట్లాడింది. పైన దుప్పటి ఉంది. అన్నీ దాటుకుని అవతలికి చేరిన మాటలు కొన్నే. చిన్నల్లుడు, సుత్తి, కాల్చేస్తాడట, చీల్చేస్తాడట, త్వరగా వచ్చి తీసుకుపో నాయనా. ఎవరిని అని ఆయన అడిగాడు. నన్నే అని ఆవిడ ఏడ్చింది. మెతక మనుషులే ఒక్కోసారి తెగిస్తారని పెద్దల్లుడు ఫ్యాక్టరీ శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. తాను చెప్పింది ఇంత దగ్గర్లో నిజమవుతుందని అనుకోలేదు. ప్రమాదంలో ముందు కబురు, తర్వాత పరుగు అన్నది కూడా ఆయన చెప్పే పాఠమే. కాల్చడమన్న మాట తన శాఖకి చెందినది కాబట్టి ముందు ఫైరింజనుకి కబురు చేసి, తర్వాత తన కారెక్కాడు.

ఈలోగా భార్య వచ్చి, తయారవమని తల్లి గది తలుపు తట్టింది. నొప్పి పూర్తిగా తగ్గిపోయిందనీ, పన్ను ఇప్పుడు ఎంతో బాగుందనీ లోపలి నుంచి జవాబు వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆమె పోర్టికోలోకి వచ్చేసరికి వంటింట్లోని కొత్త నూనె సీసా సగం ఖాళీ అయి చక్రం పక్కన ఉంది. పూలకుండీ ముక్కలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. మొగుడు నట్టు ముందు గొంతుక్కూర్చుని దానికి ఏదో నచ్చజెబుతున్నాడు.

"అమ్మ మనసు మార్చేసుకుంది. ఇంత కష్టపడి ఒప్పిస్తే మీరిక్కడ దీంతో ఆడుకుంటూ కూర్చున్నారు. మీకు ఈ నట్టు కావాలో, మా అమ్మ పన్ను కావాలో తేల్చుకోండి" అంది ఆమె.

"రెండూ వస్తాయి. ఒక్క ఐదు నిమిషాలు" అన్నాడు అతను. తన కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ అతను చెప్పే మాటే అది.

సుత్తి అయిపోయింది. ఇక మంట. పళ్ళ సెట్లకి మైనం కరిగించే చిన్న గ్యాసు టార్చి అతని సంచీలో ఉంది. టైరుకి వేడి తగలకుండా తడిగుడ్డ అడ్డం పెట్టమని స్నేహితుడు చెప్పాడు. అతను గుడ్డ అడ్డం పెట్టాడు. ఆ గుడ్డ ఇందాక నూనె తుడిచిన గుడ్డ. నట్టు నెమ్మదిగా ఎర్రబడుతుంటే అతని ముఖం కూడా సంతోషంతో ఎర్రబడింది. అంతలో నూనె పొగలేచింది, గుడ్డ అంటుకుంది. అతను దాన్ని కిందపడేసి తొక్కి ఆర్పేశాడు. మంట పోయింది గాని పొగ పోలేదు. నల్లగా, చిక్కగా, వీధంతా చూసేలా పోర్టికో పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చి గేటు ముందు ఆగింది.

ఇంత త్వరగా ఎవరు పిలిచారో అతనికి అర్థం కాలేదు. చెప్పే అవకాశమూ రాలేదు. ఖాకీ దుస్తుల్లో మనుషులు గొట్టం విప్పుకుంటూ లోపలికి వచ్చేశారు. వాళ్ళ పెద్ద, లోపల ఎవరైనా చిక్కుకున్నారా అని అడిగాడు. లెక్కల టీచరుకి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"మా అమ్మ తలుపేసుకుని ఉందండీ. ఎంత పిలిచినా రావట్లేదు" అంది.

ఒకడు గొడ్డలి పట్టుకుని కిటికీ వైపు పరిగెత్తాడు. మిగిలినవాళ్ళు నీళ్ళు వదిలారు. ఆ ధారకి డాక్టరు గోడకి అతుక్కుపోయాడు. మిగిలిన పూలకుండీలు దొర్లిపోయాయి. ఎర్రగా కాలిన నట్టు చుయ్ మని పెద్దగా చప్పుడు చేసింది. లోపల అత్తగారు పరదా తొలగించి చూస్తే హెల్మెట్టు పెట్టుకున్న కొత్త మనిషి గొడ్డలితో నిలబడి ఉన్నాడు. సుత్తీ ఉలీ సరిపోలేదు కాబోలు, ఇంకెవరినో పిలిపించారనుకుంది. గడియ తీసుకుని, దుప్పటితో సహా, వీధి గుమ్మంలోంచి నేరుగా బయటికి నడిచింది. అప్పుడే కారు దిగుతున్న పెద్దల్లుడు ఆవిడకి ఎదురయ్యాడు.

తర్వాత జరిగిన విచారణ పోర్టికోలో నీళ్ళ మధ్య, ఫైరింజను పెద్ద అధ్యక్షతన జరిగింది. ఎవరికి వాళ్ళు తాము విన్నది చెప్పారు. సుత్తి సంగతి, ఉలి సంగతి, అవి ఎవరి కోసమన్న సంగతి ఒక్కొక్కటే తేలాయి. ఫైరింజను పెద్ద నవ్వు ఆపుకోవడానికి హెల్మెట్టు కాస్త ముందుకి దించుకుని, మళ్ళీ మంట పెట్టవద్దని డాక్టరుకి చెప్పి, మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో గోడల మీద వాలిన జనం మాత్రం వెళ్ళలేదు.

అదంతా నట్టు గురించేనని తెలిశాక కూడా అత్తగారి భయం సగమే తగ్గింది. తడిసి, మసి పట్టి, చేతిలో స్పానరుతో నిలబడ్డ చిన్నల్లుణ్ణి ఆవిడ దూరం నుంచే చూసింది.

"ఏమీ అనుకోకండి బాబూ. అంత మొండిపట్టు పట్టే చెయ్యి, నా పన్ను దగ్గర మాత్రం ఊరుకుంటుందా? నేను పెద్దబ్బాయితో ఆసుపత్రికే వెళ్తాను" అంది.

అతను బట్టల్లోంచి కారుతున్న నీళ్ళని చూస్తూ తలూపాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న భార్య ఆ తలూపడం చూసి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చి అతని తల తానే తుడిచింది.

వెళ్ళిపోతే పెద్దల్లుడు గెలిచినట్టే ఉండేది. కానీ ఓడిపోయినవాళ్ళ ముందు ఓ పాఠం చెప్పకుండా వెళ్ళే స్వభావం కాదు ఆయనది. బలం కాదు తమ్ముడూ, పొడుగు ముఖ్యం అంటూ తన కారులోంచి ఇనుప గొట్టం ఒకటి తెచ్చాడు. దాన్ని స్పానరు పిడికి తొడిగి, పిడి పొడుగైన కొద్దీ పట్టు ఎలా పెరుగుతుందో వివరించాడు. జనాన్ని రెండడుగులు వెనక్కి జరగమన్నాడు. తాను మాత్రం గొట్టానికి ఎదురుగా నిలబడి, శక్తినంతా కూడదీసుకుని పైకి లాగాడు. ఏదో టక్కుమంది. గొట్టం స్పానరు పిడి నుంచి జారి వచ్చి ఆయన మూతికి తగిలింది.

ఆయన బురదలో కూలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందులోంచి రక్తం కారింది. చెయ్యి తీస్తే పై వరసలో ముందు పన్ను ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

అత్తగారు కెవ్వుమంది. వీధి కూడా నోరు తెరిచింది. ఆ గోలలో ఒక్క మనిషి గొంతు మాత్రం మారిపోయింది. పొద్దుటినుంచీ నట్టుని బతిమాలుతూ, కసురుకుంటూ ఉన్న మనిషి, ఇప్పుడు నెమ్మదిగా, తీరిగ్గా మాట్లాడాడు.

"ఎవరూ కదలకండి. కింద తొక్కుతారు. నువ్వు ఫ్రిజ్ లోంచి చల్లటి పాలు ఓ గ్లాసు తీసుకురా" అన్నాడు, చివరి మాట భార్యతో.

అతను స్పానరు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని బురదంతా కళ్ళతోనే వెతికాడు. ఒరిగిన కుండీ పక్కన, విడిపోయిన మట్టిలో పన్ను దొరికింది. వేరు ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని తీశాడు. కాసిని పాలు దాని మీద పోసి కడిగి, మిగిలిన పాలలో వేసి, ఆ గ్లాసుని అత్తగారి చేతికిచ్చాడు. ఒలకనివ్వకండి, దాన్ని మళ్ళీ బతికించవచ్చు అన్నాడు. తోడల్లుడు శుభ్రమైన గుడ్డ అదుముకుంటూనే, మాటలన్నీ గాలిలో కలిసిపోతుండగా, పెద్ద ఆసుపత్రి పేరు చెప్పాడు.

"అక్కడికి చేరేసరికి అది చచ్చిపోతుంది అన్నయ్యగారూ. మా క్లినిక్కుకి కారులో ఐదు నిమిషాలే. పదండి" అన్నాడు డాక్టరు.

పెద్దల్లుడి కారునే లెక్కల టీచరు నడిపింది. వెనక సీట్లో అత్తగారు రెండు చేతులతో పాలగ్లాసు పట్టుకుని, ప్రతి మలుపులోనూ దానితో పాటు తానూ వంగుతూ కూర్చుంది.

క్లినిక్కులో డాక్టరు పొడి కోటు వేసుకున్నాడు. అత్తగారు గ్లాసు ఇచ్చేసి బయటికి వెళ్ళలేదు. మూల స్టూలు మీద కూర్చుంది. వణుకుతున్న తోడల్లుడి భుజం మీద అతను ముందు చెయ్యి వేసి, ఆ వణుకు తగ్గేదాకా ఆగడం చూసింది. మత్తు సూది ఎప్పుడు వేశాడో పేషెంటుకి తెలియకపోవడం చూసింది. ఊడిన పన్నుని, నిద్రపోయే పసిపిల్లని పక్క మీదికి చేర్చినట్టు దాని చోటులోకి దించి, సన్నటి తీగతో పక్క పళ్ళకి అమర్చడం చూసింది. ఎక్కడా లాగడం లేదు, తొక్కడం లేదు. ఆ గదిలో వినిపించిన గట్టి చప్పుడల్లా గోడ గడియారానిదే. పని పూర్తయ్యాక పెద్దల్లుడు అద్దంలో చూసుకున్నాడు. పన్ను ఉంది. ఆయన తోడల్లుడి చెయ్యి పట్టుకుని ఏదో అనబోతే, రెండు వారాలు ఆ పంటితో పని పెట్టవద్దనీ, ఈపూటకి మాట్లాడనే వద్దనీ డాక్టరు చెప్పాడు.

కుర్చీ ఖాళీ అయింది. అత్తగారు లేచి వచ్చి అందులో కూర్చుంది.

"అమ్మా, రేపైనా చూసుకోవచ్చు. ఇవాళ్టికి చాల్లే" అంది కూతురు.

"రేపటికి ధైర్యం ఉంటుందో లేదో. కానివ్వండి బాబూ" అంది ఆవిడ, కళ్ళు గట్టిగా మూసుకుని.

కాసేపయ్యాక కళ్ళు మూసుకునే, ఇంకా మొదలుపెట్టలేదా అని సైగ చేసింది.

"కళ్ళు తెరవండి" అన్నాడు అతను. పళ్ళెంలో పన్ను ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. దూది పెట్టిన నోటితో మాట్లాడలేక, అల్లుడి తల మీద చెయ్యి వేసింది. తల ఇంకా తడిగానే ఉంది.

అందరూ ఇంటికి తిరిగొచ్చేసరికి ఎండ పోర్టికోని ఆరబెట్టేసింది. డాక్టరుకి ఇప్పుడు నట్టు మీద కోపం లేదు. ఉదారంగా దాన్ని ఓ చూపు చూసి లోపలికి వెళ్ళబోయాడు. భార్య మాత్రం పక్కన పడి ఉన్న స్పానరు తీసి, పెద్దగా ఆశ లేకుండానే నట్టుకి తగిలించి తిప్పింది. సీసా మూతలా తిరిగి వచ్చేసింది.

అది తమ ఘనతేనని అందరూ అన్నారు. తాను కాల్చడం వల్లే అది వదులైందని డాక్టరు అన్నాడు. కబురు తెలిసిన ఎముకల డాక్టరు, అదంతా తాను చెప్పిన నూనె మహిమేనని ఫోనులో వాదించాడు. మాట్లాడకూడని పెద్దల్లుడు ముందు గొట్టాన్ని చూపించి, టక్కుమన్నది నట్టేనని సైగలతో నిరూపించాడు. తర్వాత, కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడటం వల్లే పట్టు వదిలిందనీ, ఆ నీళ్ళు తెప్పించింది కూడా తానేననీ చేతులతో ఫైరింజనుని, గొట్టాన్ని, ధారని బొమ్మ గీసినట్టు చూపించాడు. నోట్లో దూదితో ఉన్న అత్తగారు ఆయన చెయ్యి కిందికి దించి, అసలు ఆయనకి ఫోను చేసింది ఎవరో గుర్తు చేస్తూ తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తిప్పింది తానైతే మిగతావాళ్ళ ప్రస్తావన ఎందుకని లెక్కల టీచరు అడిగింది.

వాదన తేలకుండానే కారు లేపి చక్రం ఊడదీశారు. పెద్దల్లుడు డిక్కీ తెరిచి, అందులోని స్టెప్నీ చక్రం తీసి నేల మీద నిలబెట్టాడు. అది మెత్తగా ఒక పక్కకి ఒరిగి చతికిలబడింది. నొక్కి చూస్తే వేలు లోపలికి దిగింది.

దానికి మాత్రం కారణం తామేనని ఎవరూ అనలేదు.